జీతం వస్తుంది కదా, మళ్లీ డబ్బెందుకు?

చిరంజీవులు అనఘకు, కార్తీక్‌కు తాతయ్య ఆశీస్సులు.

"అమ్మకు యూనివర్సిటీ జీతం ఇస్తుంది కదా తాతయ్యా, మళ్లీ ప్రాజెక్టుకు డబ్బు కావాలని అర్ధరాత్రి దాకా అప్లికేషన్ ఎందుకు రాస్తోంది?" అని మొన్న ఫోన్లో అడిగారు. చాలా మంచి ప్రశ్న. ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చడం ఇష్టంలేక ఇలా ఉత్తరం రాస్తున్నాను.

జీతం అమ్మ చేసే ఉద్యోగానికి. వానలు మొహం చాటేసినా కొర్ర మొక్క ఎలా నిలబడుతుందో అమ్మ తన ప్రాజెక్టులో తెలుసుకోవాలంటే కుండీలు కావాలి, విత్తనాలు కావాలి, ఆకుల్ని పరీక్షించే రసాయనాలు కావాలి, రోజూ ఆ మొక్కల దగ్గరుండి కొలతలు రాసుకునే విద్యార్థి కావాలి. ఇవన్నీ జీతంలోంచి తీస్తే ఇల్లు గడవదు, పనీ సాగదు. అందుకే అడగాలి.

అడగడం ఎలా ఉంటుందో చెబుతాను. మా ఊరు కనిగిరి వైపు, మెట్ట ప్రాంతం. నా చిన్నప్పుడు ఊరందరికీ పనికొచ్చేలా ఒక బావి తవ్వించాలనుకున్నారు. ఇంటింటికీ చందా. బావుల మేస్త్రీని పిలిపించి రచ్చబండ దగ్గర కూర్చోబెట్టారు. ఇక ప్రశ్నలు. ఎక్కడ తవ్వుతావు? అక్కడే ఎందుకు? పక్క చేలో తవ్వినప్పుడు ఏం పడింది? ఎన్ని మట్ల లోతు పోవాలి? మధ్యలో రాయి తగిలితే ఏం చేస్తావు? మోకుకెంత, గంపలకెంత, కూలికెంత?

అమ్మ నింపుతున్న ఫారంలో ఉన్నవి ఈ ప్రశ్నలే. ఇంతకుముందు ఈ విషయంలో ఎవరెవరు ఏం కనుక్కున్నారో రాయాలి, అంటే పక్క చేల బావుల సంగతి. ఏ పద్ధతిలో చేస్తుందో, అనుకున్నట్టు జరగకపోతే ఏం చేస్తుందో రాయాలి. తర్వాత బడ్జెట్. పరికరాలు ఒక పద్దు, రసాయనాల వంటి ఖర్చయిపోయే వస్తువులు ఒక పద్దు, ప్రయాణాలు ఒకటి, అనుకోని ఖర్చులు ఒకటి. నెట్ అనే జాతీయ పరీక్ష పాసై ప్రాజెక్టులో చేరే జూనియర్ రీసెర్చ్ ఫెలోకు, అంటే పరిశోధన చేసే విద్యార్థికి, నెలకు 37,000 రూపాయలు, 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న లెక్క. ఏడాది చివర ప్రతి రూపాయికీ యుటిలైజేషన్ సర్టిఫికెట్, అంటే డబ్బు దేనికి ఖర్చయిందో చూపే పత్రం, పంపాలి. మా ఊళ్లోనూ అంతే. చందాల పుస్తకం రామాలయంలో పెట్టేవాళ్లు, ఎవరైనా వెళ్లి చూసుకోవచ్చు.

రచ్చబండ మీద పెద్దలున్నట్టు ఇక్కడ అప్లికేషన్లు చదివేవాళ్లుంటారు. వేరే యూనివర్సిటీల్లో అదే విషయం తెలిసిన ప్రొఫెసర్లు. అమ్మ పంపబోయేది పరిశోధనలకు డబ్బిచ్చే అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌కు. పార్లమెంటు 2023లో చేసిన చట్టంతో అది ఏర్పడింది, అంతకుముందు ఆ పని చేసిన సెర్బ్ అనే సంస్థ అందులో కలిసిపోయింది. ఉద్యోగంలో ఉండగా నేనూ ఇలాంటివి చాలా చదివాను. 'రైతుల కష్టాలన్నీ తీరుస్తాం' అని రాసినవాళ్లకన్నా, ఫలానా రకాల కొర్రలు, ఇన్ని కుండీలు, ఇన్ని రోజులు నీళ్లు ఆపి ఇదిగో ఇది కొలుస్తాం అని రాసినవాళ్ల మీదే నాకు గురి కుదిరేది. మీరూ ఎవరినైనా ఏదైనా అడిగేటప్పుడు అంత స్పష్టంగా అడగండి.

మేస్త్రీ ఇంకో పని చేశాడు. చందాలు వసూలు కాకముందే నడుము లోతు గొయ్యి తీసి, అడుగున చెమ్మ చూపించాడు. అమ్మ డాబా మీద ఇప్పటికే పెట్టిన కుండీలు ఆ గొయ్యిలాంటివే. అంతమాత్రాన జల పడుతుందని ఎవరూ మాట ఇవ్వలేరు. ముందే తెలిసిపోతే అది పరిశోధన ఎందుకవుతుంది? అప్లికేషన్లలో చాలా భాగం వెనక్కి వస్తాయి కూడా. అమ్మది వెనక్కి వస్తే ఆ రోజు కాస్త దగ్గర కూర్చోండి, తర్వాత తనే మళ్లీ రాస్తుంది.

బావి తవ్వకం మొదలయ్యాక నేను బడి వదలగానే ఒడ్డున చేరేవాణ్ణి. మేస్త్రీ దగ్గర ఇద్దరు వయసు కుర్రాళ్లు పని నేర్చుకుంటున్నారు. పొర మారినప్పుడల్లా ఆయన పిడికెడు మట్టి తీసి నలిపి, వాసన చూసి, వాళ్ల అరచేతుల్లో పోసేవాడు. "ఏం చెప్తోంది?" అని అడిగేవాడు. ఎర్రమట్టి పోయి గరుసు వచ్చింది, గరుసు పోయి తెల్లటి సుద్ద వచ్చింది. నేనూ చెయ్యి చాస్తే ఓ రోజు నాకూ పోశాడు. పైన రోహిణీ కార్తె ఎండ, చేతిలో చల్లటి మట్టి! ఏం చెబుతోందో నాకు తెలియలేదు గానీ, ఇంటికి వెళ్లేదాకా గుప్పిట విప్పలేదు.

ఆ బావికి జల పడింది, ఎండాకాలంలో మాత్రం అడుగంటేది. ఆ కుర్రాళ్లిద్దరూ పెద్ద మేస్త్రీలై చుట్టుపక్కల ఊళ్లలో ఎన్నో బావులు తవ్వారు. మా ఊరి చందాకు దక్కిన అసలు ఫలం అదేనని నాకు గట్టి నమ్మకం. అందుకే అమ్మ ఫారంలో విద్యార్థులకు ఏం నేర్పుతుందో రాసే భాగాన్ని తొందరపడి నింపొద్దని చెప్పాను. అంచనా తప్పినా, ఏడాదిపాటు మొక్కను గమనించడం నేర్చుకున్న అమ్మాయి ఆ విద్యను ఎక్కడికైనా తీసుకుపోతుంది.

ఇలాగే అడిగినవాళ్లలో భౌతిక శాస్త్రవేత్త హోమీ భాభా ఒకరు. ఆయన 1944 మార్చి 12న సర్ దోరాబ్జీ టాటా ట్రస్టుకు ఒక ఉత్తరం రాశారు. భౌతికశాస్త్రంలో పరిశోధన చేసే సంస్థ పెట్టడానికి సాయం కావాలని. అప్పటికి హిరోషిమా మీద బాంబు పడలేదు, అణుశక్తి అంటే ఏమిటో లోకానికి తెలియదు. ఇంకో ఇరవై ఏళ్లలో అణువిద్యుత్తు వచ్చేసరికి మన దేశం నిపుణుల కోసం బయటికి చూడాల్సిన అవసరం ఉండకూడదని, వాళ్లు ఇక్కడే సిద్ధంగా ఉండాలని అందులో రాశారు. ఆయన డబ్బు అడిగింది మనుషుల్ని తయారుచెయ్యడానికి! 1945లో ఆ సంస్థే టాటా ఇన్‌స్టిట్యూట్‌గా మొదలైంది. 1956లో ముంబై దగ్గరి ట్రాంబేలో అప్సర అనే అణు రియాక్టర్ పనిచేసింది.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1922లో బోస్టన్ వెళ్లింది మామగారు సర్దిన డబ్బుతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన భరోసాతో. మూడేళ్లు తిరక్కుండా, శరీరంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ఫిస్క్ అనే ప్రొఫెసరుతో కలిసి కనుక్కున్నారు. బోదకాలు రాకుండా మన ఊళ్లలో ఇంటింటికీ తిరిగి వేయించే మాత్రల్లో డీఈసీ అనే మందు ఉంటుంది. అది కూడా ఆ తర్వాత రోజుల్లో ఆయన నడిపిన పరిశోధన బృందం నుంచి వచ్చిందే. కాకినాడలో ఆ సాయానికి ఒప్పుకున్న పెద్దలు ఇవన్నీ ఊహించి ఉంటారా? నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అనఘా, నువ్వు డిగ్రీకి వచ్చాక బెంగళూరు సైన్స్ అకాడమీ వాళ్ల వేసవి ఫెలోషిప్ ఉంటుంది, రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పని నేర్చుకోవచ్చు. కార్తీక్, నువ్వు అంతదాకా ఆగనక్కర్లేదు. ఆరో తరగతి నుంచి పిల్లలకు ఇన్‌స్పైర్ మానక్ అనే అవార్డు ఉంది. మంచి ఆలోచన ఉంటే స్కూలు తరఫున పంపుతారు, ఎంపికైతే 10,000 రూపాయలు నీ ఖాతాలోనే వేస్తారు. సైన్స్ మాస్టారిని అడుగు.

కానీ ముందు డాబా ఎక్కండి. అమ్మ కొర్ర కుండీల పక్కన వరి కుండీ కూడా ఉంది. అమ్మనడిగి, రెంటికీ రెండు రోజులు నీళ్లు ఆపండి. మధ్యాహ్నం రెండింటికి ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి ఆకులు చూడండి. ఏ ఆకు ఎప్పుడు చుట్టుకుంటోంది, ఎప్పుడు విచ్చుకుంటోంది? కారణం నేను చెప్పను. చూసింది చూసినట్టు నోట్‌బుక్‌లో రాసి, ఆ పేజీ నాకు పంపండి.

మీ తాతయ్య