పాత ప్రీమియం కాంపాక్ట్ కెమెరాలు: అపోహలు - వాస్తవాలు

చెన్నైలో కెమెరాలు రిపేర్ చేస్తాను. సేకరణ మీద ఇష్టమున్నవాళ్లు నెల్లూరు, తిరుపతి నుంచి కూడా వస్తుంటారు. ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్నది కాంటాక్స్ టీవీఎస్ డిజిటల్ లాంటి ప్రీమియం కాంపాక్ట్‌ల గురించి, అంటే జేబులో పట్టే ఖరీదైన చిన్న కెమెరాల గురించి. 2003 నాటి కెమెరా, టైటానియం బాడీ, కార్ల్ జైస్ జూమ్ లెన్స్, 5 మెగాపిక్సెళ్లు. చేతిలోకి తీసుకుంటే వదలబుద్ధి కాదు. అలాంటిది పాడైపోయి నా బల్ల మీదికి వస్తే బాధగా ఉంటుంది.

అపోహ: డబ్బాలోంచి తీయకుండా దాచిన కెమెరాయే మేలు.

వాస్తవం: వాడకుండా పెట్టిన కెమెరా లోపల్లోపలే పాడవుతుంది. లిథియం బ్యాటరీ ఊరికే ఉన్నా మెల్లగా దిగిపోతుంది, మరీ దిగితే మళ్లీ చార్జ్ ఎక్కదు. ఒక్కోసారి ఉబ్బి కెమెరాలోనే ఇరుక్కుపోతుంది. లెన్స్‌ను నడిపే చిన్న గేర్ల గ్రీజు గట్టిపడుతుంది.

వీటన్నిటికంటే మన చెన్నైలో పెద్ద శత్రువు తేమ. చీకట్లో, గాలి ఆడని చోట నెలల తరబడి ఉంచితే లెన్స్ మీద సన్నటి దారాల్లా ఫంగస్ పాకుతుంది. మొదట్లోనే చూస్తే శుభ్రం చేయొచ్చు. ముదిరితే లెన్స్ గాజు మీది పల్చటి పూతను, అంటే కోటింగ్‌ను తినేస్తుంది, పోయిన కోటింగ్ తిరిగి రాదు. అందంగా ఉందని తోలు కేసులో పెట్టి బీరువాలో దాచకండి, తోలు తేమను పట్టి ఉంచుతుంది. సిలికా జెల్ పొట్లాలు కూడా కొన్నాళ్లకు తేమతో నిండిపోతాయి, వేడి చేసి ఆరబెడితేనే మళ్లీ పనిచేస్తాయి. డ్రై క్యాబినెట్ (తేమను అదుపులో ఉంచే పెట్టె) కొని తేమను 40-50 శాతం మధ్య ఉంచండి. బ్యాటరీని సగం చార్జ్‌తో విడిగా పెట్టండి. నెలకోసారి కెమెరా బయటికి తీసి నాలుగు ఫొటోలు కొట్టండి.

అపోహ: పాత కెమెరాల్లోని సీసీడీ రకం సెన్సర్ రంగులు ఇప్పటి కెమెరాల్లోని సీమాస్ రకానికి రావు.

వాస్తవం: రెండూ కొలిచేది వెలుతురునే. రంగు వచ్చేది సెన్సర్ మీది ఫిల్టర్ల నుంచి, కెమెరా లోపలి ప్రాసెసింగ్ నుంచి. 2008లో వచ్చిన పానాసోనిక్ ఎల్ఎక్స్3, లైకా డీ-లక్స్ 4 లోపల దాదాపు ఒకటే, కెమెరా ఇచ్చే జేపెగ్ ఫొటోల రంగులు మాత్రం వేరు. ఆ పాత రంగులు నాకూ ఇష్టమే. కానీ సీసీడీ అనే పేరుకే ఎక్కువ డబ్బు పెట్టొద్దు. పైగా 2005కు ముందు తయారైన కొన్ని సీసీడీలు వేడికి, తేమకు పాడవుతున్నాయని 2005లో పలు కంపెనీలే ప్రకటించాయి. కాంటాక్స్ తయారుచేసిన క్యోసెరా కూడా అదే ఏడాది కాంటాక్స్ కెమెరాల వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు చెప్పింది. ఇక విడిభాగాలు దొరకాలంటే పాడైన ఇంకో కెమెరా దొరకాల్సిందే. అందుకే ఎదురుగా ఫొటో తీసి చూడందే కొనకండి.

అపోహ: లెన్స్ ఊడదు కాబట్టి లోపలికి దుమ్ము పోదు.

వాస్తవం: పోతుంది. లెన్స్ బయటికి వచ్చి లోపలికి వెళ్లిన ప్రతిసారీ గాలిని లాక్కుంటుంది. ఎపర్చర్‌ను (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రాన్ని) వీలైనంత చిన్నది చేసి తెల్ల గోడను ఫొటో తీయండి, మచ్చలుంటే కనిపిస్తాయి.

అపోహ: ఏ ఎస్‌డీ కార్డయినా పడుతుంది.

వాస్తవం: 2 జీబీ దాటిన ఎస్‌డీ కార్డుల కోసం ఎస్‌డీహెచ్‌సీ అనే ప్రమాణం వచ్చింది 2006లో. అంతకుముందు కెమెరాలు సాధారణంగా ఇప్పటి పెద్ద కార్డులను చదవవు. చూడటానికి వెళ్లేటప్పుడు 2 జీబీ లేదా అంతకన్నా చిన్న పాత కార్డు ఒకటి జేబులో వేసుకెళ్లండి.