"పాలు చాలట్లేదు సిస్టర్": డబ్బా పాల అపోహలు, వాస్తవాలు

బుధవారం టీకాల రోజు వచ్చిందంటే మా సబ్ సెంటర్లో కనీసం ఇద్దరు ముగ్గురు తల్లులది ఒకటే మాట, "పాలు చాలట్లేదు సిస్టర్, డబ్బా మొదలుపెట్టాం" అని. దాని వెనకే ఇంకోటి, "పిల్ల పుట్టినప్పట్నుంచి చేతిలో రూపాయి నిలవట్లేదు, ఖర్చు ఎక్కడ తగ్గించాలో తెలియట్లేదు" అని. ఖమ్మం చుట్టుపక్కల ఊళ్లలో పదహారేళ్లుగా ఏఎన్ఎంగా, అంటే ఊరి నర్సుగా, తిరుగుతున్నా, పసిపిల్లలున్న ఇంట్లో అనవసరంగా పోయే డబ్బుల్లో మొదటిది ఈ డబ్బానే, అందుకే ముందు దీని సంగతే చెప్తా.

అపోహ: బిడ్డ ఏడుస్తోందంటే తల్లి దగ్గర పాలు లేనట్టే.

వాస్తవం: బిడ్డ సవాలక్ష కారణాలకి ఏడుస్తుంది. పాలు సరిపోతున్నాయో లేదో తెలియాలంటే చూడాల్సినవి రెండు, రోజుకి ఆరుసార్లకి తగ్గకుండా ఒంటికి పోస్తోందా, బరువు పెరుగుతోందా. పుట్టిన మొదటి వారంలో కాస్త బరువు తగ్గడం మామూలే, 3 కేజీల బిడ్డ నాలుగో రోజుకి 2.8కి వస్తుంది, రెండు వారాలకల్లా మళ్లీ పుట్టిన బరువుకి చేరుతుంది, కానీ ఆ నాలుగో రోజే ఇంట్లో అందరూ కంగారుపడి డబ్బా తెప్పిస్తారు. నెలన్నర అయ్యేసరికి రొమ్ములు మెత్తబడతాయి, "పాలు ఎండిపోయాయి" అంటారు, ఎండిపోలేదమ్మా, బిడ్డకి ఎంత కావాలో ఒంటికి అర్థమైంది అంతే. అసలు పాలు ఊరేదే బిడ్డ చీకితే, రాత్రిపూట చీకితే ఇంకా బాగా ఊరతాయి. డబ్బా పట్టారనుకోండి, బిడ్డ పడుకుంటుంది, రొమ్ము పట్టదు, వారం తిరిగేసరికి నిజంగానే పాలు తగ్గుతాయి, అప్పుడు అత్తగారు "నేను ముందే చెప్పానా" అంటుంది.

ఇక డబ్బుల లెక్క. 5 కేజీల బిడ్డకి పూర్తిగా డబ్బా పాలే అయితే రోజుకి దాదాపు 750 మిల్లీలీటర్లు కావాలి, అంటే వంద గ్రాముల పొడి. 400 గ్రాముల డబ్బా నాలుగు రోజులకి ఖాళీ, నెలకి ఏడెనిమిది డబ్బాలు. డబ్బా నాలుగొందలు వేసుకున్నా నెలకి మూడు వేలు, ఆటో నడుపుకునే ఇంట్లో అది ఇంటద్దె.

పోయిన ఏడాది ఒకమ్మాయి నాలుగు నెలల పాపని తెచ్చింది, తూస్తే 4.7 కేజీలు, బరువు కార్డులో చుక్క పెడితే ఆకుపచ్చ దాటి కింద పసుపులో పడింది, అంటే వయసుకి తగ్గ బరువు లేదు. నా ముందే పాలు కలపమన్నా. 120 మిల్లీలీటర్ల నీళ్లకి నాలుగు చెంచాలు వేయాలి, ఆ పిల్ల రెండే వేసింది, రెండోది కూడా అంచు దాకా నింపకుండా వేలితో కొంచెం వెనక్కి డబ్బాలోకి రాల్చేసింది. అదేంటమ్మా అంటే "ఆయనకి డబ్బులొచ్చేదాకా ఇది రావాలి సిస్టర్" అంది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. పాపని పిల్లల డాక్టర్ దగ్గరికి పంపించాం, పొడి సరిగ్గా నాలుగు చెంచాలు వేయమని చెప్తూనే రోజుకి ఎనిమిది పది సార్లు రొమ్ము పట్టించాం, ఆశా అక్క రోజూ వెళ్లి పక్కన కూర్చుంది. నెలన్నరకి డబ్బా రెండు పూటలకి వచ్చింది, పాప చుక్క మళ్లీ పచ్చలోకి ఎక్కింది.

నిజంగా పాలు పడని తల్లులు ఉన్నారు, జబ్బు వల్లో మందుల వల్లో ఇవ్వలేనివాళ్లూ ఉన్నారు, డాక్టర్ చెప్తే డబ్బా పట్టండి, అందులో తప్పు చేసినట్టు కుమిలిపోయేది ఏం లేదు. నా పెద్దోడికి ఇరవయ్యో రోజున ఇంట్లోవాళ్ల మాట పడలేక నేనూ కొనిపించా, ఆ దిగులు నాకు తెలుసు. ఎవరు పట్టినా నీళ్లు ఎక్కువ కలిపి పొదుపు చేయొద్దు, అంతే. డబ్బా పాలకి యాడ్ ఇవ్వకూడదు, డబ్బా మీద పసిపాప బొమ్మ కూడా వేయకూడదని 1992 నుంచి చట్టమే ఉంది, ఊరికే పెట్టలేదు కదా ఆ చట్టం.

బాలింతకి కారప్పొడి అన్నం తప్ప ఏమీ పెట్టకుండా, పాలు పెరగడానికని వందలు పోసి పొడులు కొంటున్నారు, దాని బదులు పప్పు, ఆకుకూర, గుడ్డు పెట్టండి. మా తెలంగాణ అంగన్‌వాడీల్లో బిడ్డకి ఆర్నెల్లు వచ్చేదాకా తల్లికి రోజూ భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు, వెళ్లడానికి నామోషీ ఎందుకో నాకు అర్థం కాదు. ఏడో నెల నుంచి బిడ్డకి బాలామృతం అనే పోషకాహార పొడి రెండున్నర కేజీల ప్యాకెట్, నెలకి 16 గుడ్లు వస్తాయి. ఆ ప్యాకెట్ గేదెకి పెట్టి బజార్లో సెరియల్ డబ్బా కొంటున్న ఇళ్లు నేను చూశా.

పాలల్లో కలిపే చాక్లెట్ పొడులతో పిల్లలు పొడుగవుతారన్నది నమ్మొద్దు, వెనక చక్కెర ఎంతుందో చదవండి. వాటిని "హెల్త్ డ్రింక్" పేరు కింద అమ్మొద్దని 2024లో కేంద్రమే ఆన్‌లైన్ సైట్లకి చెప్పింది. గ్రైప్ వాటర్ అక్కర్లేదు. సర్కారు టీకా మంచిది కాదనేది పచ్చి పుకారు, పెంటావాలెంట్ (ఐదు జబ్బులకి ఒకటే టీకా), రోటా (విరేచనాలకి), న్యుమోనియా టీకా, ఎంఆర్ (తట్టు, రుబెల్లాకి) అన్నీ మా దగ్గర ఫ్రీ, పెంటా తర్వాత ఒక రోజు జ్వరం రావచ్చు, పారాసిటమాల్ చుక్కలు ఎన్ని వేయాలో మేమే చెప్తాం.

డబ్బా కొనే ముందు ఒక్కసారి బిడ్డని బుధవారమో శనివారమో తీసుకురండి, బరువు చూస్తా, పది నిమిషాలు నా ముందు కూర్చుని పాలు పట్టండి, బిడ్డ నోరు సరిగ్గా పట్టకపోతే అక్కడే సరిచేద్దాం.