డిజిటల్‌లో ఎక్స్‌పోజర్ ఎంతిచ్చినా ఒకటేనా? రేడియోగ్రఫీ విద్యార్థుల అపోహలు – వాస్తవాలు

క్లినికల్ పోస్టింగ్‌కు కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ, రెండో వారం తిరక్కుండానే ఒక మాట వినపడుతుంది: "డిజిటలే కదా, కొంచెం ఎక్కువిస్తే సేఫ్." చెప్పేది ఒక్కోసారి సీనియరే కావడంతో విద్యార్థి దాన్ని పాఠంలా నేర్చేసుకుంటాడు. మిగతా అపోహల సంగతి చివర్లో గబగబా చూద్దాం. ముందు దీన్ని వదిలించుకోవాలి, ఎందుకంటే దీని ఖరీదు రోజూ రోగులే చెల్లిస్తున్నారు.

అపోహ: బొమ్మ బాగా వచ్చిందంటే ఎక్స్‌పోజర్ (ఇచ్చిన ఎక్స్‌రే కిరణాల మోతాదు) సరిపోయినట్టే.

ఫిల్మ్ రోజుల్లో తప్పు దాగేది కాదు. ఎక్కువైతే ఫిల్మ్ మాడినట్టు నల్లగా వచ్చేది, తక్కువైతే తెల్లగా తేలిపోయేది. సీఆర్, డీఆర్ అనే డిజిటల్ పద్ధతులు వచ్చాక ఆ సాక్ష్యం పోయింది. సాఫ్ట్‌వేర్ హిస్టోగ్రామ్ (బొమ్మలోని వెలుగునీడల లెక్క) చూసుకుని, ఆ పరీక్షకు ఎంత బ్రైట్‌నెస్ ఉండాలో అంతకు తెచ్చి పెడుతుంది. 2 ఎంఏఎస్ (ట్యూబు కరెంటు ఎంఏను సెకన్లతో గుణిస్తే వచ్చేది, అంటే కిరణాల పరిమాణం) ఇచ్చినా 4 ఇచ్చినా మానిటర్ మీద ఛాతీ ఒకే రంగులో కనపడుతుంది. పైగా 4 ఇచ్చినదే నున్నగా ఉంటుంది. తక్కువైన బొమ్మలో గింజ (ఇసుక చల్లినట్టు చుక్కలు) కనపడుతుంది కాబట్టి రేడియాలజిస్టు అడుగుతారు. ఎక్కువైన బొమ్మ గురించి అడిగేవాళ్లు ఉండరు. రిపీట్ పడితే, అంటే మళ్లీ తీయాల్సి వస్తే, తిడతారేమోనన్న భయం విద్యార్థికి ఎలాగూ ఉంటుంది. దాంతో చేయి నెమ్మదిగా పైకే పోతుంది. డోస్ క్రీప్ అంటే ఇదే. కేవీపీ (కిరణాలు ఎంత చొచ్చుకుపోవాలో నిర్ణయించే వోల్టేజి) మార్చకుండా ఎంఏఎస్ రెట్టింపు చేస్తే రోగి డోసు కూడా సరిగ్గా రెట్టింపవుతుంది.

కాబట్టి బొమ్మతో పాటు దాని మూలన ఉండే నంబరు కూడా చూడండి. 2008లో వచ్చిన ఐఈసీ (అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్) ప్రమాణం ప్రకారం కొత్త మెషీన్లు ఎక్స్‌పోజర్ ఇండెక్స్‌ను, డీవియేషన్ ఇండెక్స్‌ను (డీఐ) చూపిస్తాయి. డీఐ సున్నా అంటే డిటెక్టర్‌కు (కిరణాలను అందుకునే ప్లేటుకు) అందాల్సినంత అందింది. +1 అంటే సుమారు 26 శాతం ఎక్కువ, –1 అంటే సుమారు 20 శాతం తక్కువ. +3 అంటే రెట్టింపు, –3 అంటే సగం. పాత మెషీన్ల లెక్కలు వేరు. ఫ్యూజీ ఎస్ నంబరు తలకిందులుగా నడుస్తుంది: 200 ఉండాల్సింది 100కి దిగిందంటే ఎక్స్‌పోజర్ రెట్టింపైందని. పాత కేర్‌స్ట్రీమ్ మెషీన్లలో 300 పెరిగితే రెట్టింపు, ఆగ్ఫా ఎల్‌జీఎంలో 0.3 పెరిగితే రెట్టింపు. కొత్త గదిలో అడుగుపెట్టిన రోజు మొదట అడగాల్సింది ఇదే: ఈ మెషీన్‌లో నంబరు పెరిగితే ఎక్కువని అర్థమా, తక్కువనా?

ఒక్క జాగ్రత్త. ఆ నంబరు డిటెక్టర్‌కు అందినదాన్ని చెబుతుంది, రోగి డోసును కాదు. సన్నటి మనిషికీ లావుపాటి మనిషికీ డీఐ సున్నాయే రావచ్చు; డోసుల్లో మాత్రం ఎంతో తేడా ఉంటుంది. పైగా నంబరే తప్పుదారి పట్టే సందర్భాలున్నాయి. మెనూలో మోకాలు బదులు ఛాతీ ఎంచుకున్నా, బొమ్మలో పెద్ద మెటల్ ఇంప్లాంట్ ఉన్నా, కోలిమేషన్ (కిరణాలు పడే పరిధిని కుదించడం) అంచుల్ని సాఫ్ట్‌వేర్ గుర్తించలేకపోయినా ఆ నంబరును నమ్మలేం.

డోసు ఎలా పాకుతుందో పోర్టబుల్ ఛాతీ (రోగి మంచం దగ్గరే తీసే ఎక్స్‌రే) దగ్గర కళ్లారా చూడొచ్చు. చార్టులో 100 సెంటీమీటర్ల దూరానికి 4 ఎంఏఎస్ అని ఉందనుకోండి. మంచం పక్కన మానిటర్, సెలైన్ స్టాండ్, వెంటిలేటర్ ట్యూబులు. ట్యూబ్‌హెడ్ (కిరణాలు వచ్చే భాగం) కాస్త పైకి లేపితేగానీ పట్టదు. టేపు లాగి చూస్తే 130 ఉంటుంది, కానీ ఎవరూ లాగరు. దూరం వర్గం లెక్కన డిటెక్టర్‌కు అందేది 59 శాతమే, డీఐ –2.3 దగ్గర వస్తుంది, గుండె వెనక గింజగింజగా ఉంటుంది. "చార్టు తక్కువగా ఉంది" అని విద్యార్థి తీర్మానిస్తాడు. తర్వాతి మంచం దగ్గర ట్యూబు మామూలుగా 100లోనే నిలుస్తుంది, అక్కడ 8 ఇస్తాడు. బొమ్మ బ్రహ్మాండంగా వస్తుంది. ఇక 8 అలవాటైపోతుంది. ఇక్కడ తప్పు చార్టుది కాదు, బయటికి తీయని టేపుది.

గ్రిడ్ (చెదిరిన కిరణాలను ఆపే సన్నటి సీసపు పట్టీల పలక) విషయమూ అంతే. మెత్తటి పరుపు మీద ప్లేటు ఒక పక్కకు ఒరిగితే గ్రిడ్ కటాఫ్ (పట్టీలు అసలు కిరణాలనే ఆపేయడం) వచ్చి ఒక ఊపిరితిత్తి తెల్లగా కనపడుతుంది. ఎంఏఎస్ ఎంత పెంచినా అది పోదు. ప్లేటు సమంగా పెట్టి, సెంట్రల్ రే గ్రిడ్ మధ్యలో పడేలా చూడాలి.

ఏఈసీ (సరిపడా అందగానే ఎక్స్‌పోజర్‌ను దానంతటదే ఆపే ఏర్పాటు) ఉంది కదా, అదే చూసుకుంటుందంటారు. ఛాంబర్ (ఏఈసీలో కిరణాలను కొలిచే గడి) మీద మీరు ఏ భాగాన్ని పెట్టారో దానికి మాత్రమే అది లెక్క కడుతుంది. పీఏ (వీపు వైపు నుంచి కిరణాలు పంపే) ఛాతీకి పక్క ఛాంబర్లు వదిలి మధ్యదాన్ని ఎంచుకుంటే, వెన్నెముక దాటి సరిపడా అందేదాకా కిరణాలు ఆగవు, ఊపిరితిత్తులకు ఎక్కువైపోతుంది. భుజం తీసేటప్పుడు ఛాంబర్ సగం ఒంటి బయట ఉంటే ముందే ఆగిపోయి గింజ మిగులుతుంది. అన్నిటికంటే చెడ్డది, రోగి టేబుల్ మీద ఉంటే కన్సోల్‌లో చెస్ట్ స్టాండ్ బకీ (డిటెక్టర్, గ్రిడ్ ఉండే పెట్టె) ఎంపికై ఉండటం. ఛాంబర్‌కు కిరణమే అందదు కాబట్టి బ్యాకప్ టైమర్ ఆపేదాకా ఎక్స్‌పోజర్ సాగుతుంది. అందుకే బటన్ నొక్కేముందు బకీ ఎంపిక, ఛాంబర్, బ్యాకప్ టైమ్ ఈ మూడూ చూడండి.

ఇక రిపీట్. డీఐ +4 చూసి కంగారుపడి మళ్లీ తీయకండి. ఇచ్చింది ఎలాగూ ఇచ్చేశాం, మళ్లీ తీస్తే డోసు మీద డోసు. విండో (మానిటర్ మీద బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్) మార్చి చూడండి. అవసరమైన భాగం ఎంత మార్చినా చదునైన నలుపుగానే ఉంటే డిటెక్టర్ శాచురేట్ అయినట్టు (ఇక తేడాలు నమోదు చేయలేనంత నిండిపోయినట్టు), అప్పుడే రిపీట్. తక్కువైనప్పుడు బొమ్మను పూర్తి సైజుకు పెంచి గుండె వెనక, డయాఫ్రమ్ కింద చూడండి. అడిగింది రోగికి వేసిన ట్యూబు కొన ఎక్కడుందని అయితే, అది స్పష్టంగా కనపడుతుంటే, కొంత గింజ ఉన్నా పని జరిగిపోయినట్టే. అనుమానముంటే రేడియాలజిస్టును అడగండి, దాంట్లో నామోషీ ఏమీ లేదు. తీసే తీరాలంటే కారణం తెలిశాకే తీయాలి. చొచ్చుకుపోలేదా, కేవీపీ పెంచండి. చొచ్చుకుపోయినా గింజ ఉందా, ఎంఏఎస్ పెంచండి. కేవీపీ 15 శాతం పెంచి, అంటే 70 నుంచి 80కి తెచ్చి, ఎంఏఎస్ సగం చేస్తే డిటెక్టర్‌కు దాదాపు అంతే అందుతుంది, రోగికి డోసు తగ్గుతుంది. ఆయాసపడుతున్న రోగి కదిలి బొమ్మ అలికినట్టు వస్తే ఈ రెండూ ముట్టుకోకండి: 200 ఎంఏ, 0.1 సెకను బదులు 400 ఎంఏ, 0.05 సెకను పెట్టండి. 20 ఎంఏఎస్ అలాగే ఉంటుంది, సమయం సగమవుతుంది.

అపోహ: కోలిమేటర్ తెరిచి తీసి, తర్వాత క్రాప్ చేస్తే సరి.

క్రాప్ చేసిన భాగానికి కూడా డోసు పడింది. దానికితోడు స్కాటర్ (ఒంటికి తగిలి చెదిరే కిరణాలు) పెరిగి, మిగిలిన బొమ్మలో కాంట్రాస్ట్ తగ్గింది. ఇంకా ప్రమాదమేమంటే, కత్తిరించిన చోట ఏదైనా జబ్బు ఉండుంటే రేడియాలజిస్టు దాన్ని చూడనే చూడరు.

మిగతావి క్లుప్తంగా.

టీఎల్‌డీ బ్యాడ్జ్ కాపాడదు, కొలుస్తుంది అంతే. ఛాతీ దగ్గర, లెడ్ ఏప్రాన్ లోపల పెట్టుకోవాలి. ఏప్రాన్ విప్పి బ్యాడ్జ్‌తో సహా ఎక్స్‌రే గదిలో తగిలించి వెళ్తే, మీరు క్యాంటీన్‌లో ఉండగా కూడా మీ పేరున డోసు ఎక్కుతుంది. ఏప్రాన్ మడత పెట్టకండి, లోపలి పొర చీలుతుంది.

రోగిని పట్టుకోవడం విద్యార్థి పని కాదు. ఎవరు చెప్పినా కాదు. ముందు ఇసుక సంచి, ఫోమ్, బెల్టు. అవేవీ పనికిరాకపోతే గర్భిణి కాని పెద్దవాళ్లెవరైనా బంధువు, ఏప్రాన్ వేసుకుని. రోగి నుంచి మీటరు దూరంలో స్కాటర్ అసలు బీమ్‌లో సుమారు వెయ్యో వంతు. రెండు మీటర్లకు వెళ్తే అందులోనూ నాలుగో వంతు.

ఎక్స్‌రే తీయించుకున్న తల్లి "పాపకు పాలివ్వొచ్చా?" అని అడిగితే విసుక్కోకండి, నిజంగా భయపడే అడుగుతుంది. ఇవ్వొచ్చు. ఎక్స్‌రే ఆగిన క్షణమే కిరణాలూ ఆగిపోతాయి, ఒంట్లో ఏమీ మిగలదు. పీఏ ఛాతీకి పడేది దాదాపు 0.02 మిల్లీసీవర్ట్, ప్రకృతి నుంచి సగటున ఏడాదికి అందరికీ 2.4 దాకా అందుతుంది కాబట్టి, మూడు రోజుల వాటా అన్నమాట. న్యూక్లియర్ మెడిసిన్ ఇంజెక్షన్ సంగతి వేరు, దానికి ఆ విభాగం వాళ్ల సూచనలే పాటించాలి.

ఎంఆర్ఐ స్కాన్ నడవనప్పుడు మాగ్నెట్ ఆగి ఉంటుందనుకోవడం మాత్రం ప్రాణాల మీదికి తెస్తుంది. సూపర్‌కండక్టింగ్ మాగ్నెట్ ద్రవ హీలియంలో –269 డిగ్రీల దగ్గర ఉంటూ రాత్రీ పగలూ లాగుతూనే ఉంటుంది. చప్పుడు వచ్చేది గ్రేడియంట్ కాయిల్స్ నుంచి. అవి ఆగితే నిశ్శబ్దమే, మాగ్నెట్ ఆగినట్టు కాదు. 2001లో అమెరికాలో గదిలోకి తెచ్చిన ఆక్సిజన్ సిలిండర్ ఎగిరి తగిలి ఆరేళ్ల బాబు చనిపోయాడు. జేబులో కత్తెర, హెయిర్‌పిన్, మెడలో స్టెతస్కోప్, రోగి కింద మామూలు స్ట్రెచర్: తలుపు దాటకముందే ఇవన్నీ చూడాలి. ఖాళీ గది ఊడవడానికి వచ్చిన ఆయా చేతిలో ఇనప బకెట్ ఉన్నా ఆమెను తలుపు దగ్గరే ఆపాలి.