సీడీ4 ఎంత? పరీక్షకు వచ్చింది ఎప్పుడు?

1981 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లో అయిదుగురు యువకులకు అరుదైన న్యుమోనియా వచ్చిందని అమెరికాలో ఒక చిన్న నివేదిక వెలువడింది. ఎయిడ్స్ గురించి వైద్యలోకానికి అందిన తొలి కబురు అదే. కొన్నేళ్లకు ఉగాండాలో జనం అదే జబ్బును ‘స్లిమ్’ అని పిలిచారు, మనిషి విరేచనాలతో చిక్కి సగమయ్యేవాడు కాబట్టి. మన దగ్గర వరంగల్ అయినా ఆదిలాబాద్ అయినా చాలామందిలో ఇది టీబీ రూపంలో బయటపడుతుంది. వారాల తరబడి దగ్గు, సాయంత్రమైతే జ్వరం, తెమడ పరీక్ష, ఆ తర్వాత రక్త పరీక్ష.

వైరస్ ఒక్కటే. మరి జబ్బు ఊరికో తీరుగా ఎందుకుంది? హెచ్ఐవీ చేసే పెద్ద నష్టం సీడీ4 అనే తెల్లరక్తకణాలను తగ్గించడం. ఒంట్లో కాపలా తగ్గాక లోపలికి దూరేది చుట్టుపక్కల ఉన్న సూక్ష్మజీవులే. మణిపూర్‌లో, ఉత్తర థాయ్‌లాండ్‌లో ఒక రకం ఫంగస్ పట్టుకుంటుంది. బీహార్‌లో కాలా అజార్ అనే పరాన్నజీవి జబ్బు తోడవుతుంది. మనకు టీబీ ఎక్కువ కాబట్టి టీబీ వస్తుంది. దక్షిణాఫ్రికాలోనూ మన దగ్గరా ఎక్కువగా ఉన్నది సి రకం హెచ్ఐవీయే. అయినా అక్కడ కనిపించే కపోసి సార్కోమా అనే క్యాన్సర్ ఇక్కడ చాలా అరుదు. దానికి కారణమైన ఇంకో వైరస్ మన జనంలో తక్కువ.

ఇక అంకెల సంగతి. 2021 జాతీయ అంచనా ప్రకారం పెద్దవాళ్లలో హెచ్ఐవీ ఉన్నవారు మిజోరంలో 2.70 శాతం, తెలంగాణలో 0.47, దేశం మొత్తమ్మీద 0.21. ఎక్కడ ఎంతమంది ఉన్నారో ఈ అంకెలు చెబుతాయి. వాళ్ల ఆరోగ్యం ఎలా ఉందో చెప్పవు. అందుకు చాలామంది మొదటి సీడీ4 సంఖ్యను, అంటే హెచ్ఐవీ ఉందని తేలినప్పుడు కనిపించిన సంఖ్యను, పోలుస్తారు. ఆరోగ్యంగా ఉన్నవారిలో అది ఘన మిల్లీమీటరు రక్తానికి సుమారు 500 నుంచి 1500 దాకా ఉంటుంది. 200 కంటే తగ్గితే ప్రమాదం. ఒక జిల్లాలో సగటు 180, ఇంకో జిల్లాలో 400 ఉంటే మొదటి జిల్లాలో జబ్బు తీవ్రంగా ఉందని అనేస్తాం. ఆ మాట సాధారణంగా తప్పు.

ఇద్దరిని ఊహించుకోండి. హనుమకొండలో గర్భిణికి మూడో నెల చెకప్‌లోనే హెచ్ఐవీ పరీక్ష చేస్తారు. ఆమెకు ఏ బాధా లేదు, సీడీ4 450. జగిత్యాల వైపు నుంచి భీవండి మరమగ్గాలకు పోయినాయన పదేళ్ల తర్వాత మంచాన పడి వస్తాడు, సీడీ4 90. ఇద్దరిలో ఉన్న వైరస్‌లో తేడా ఏమీ ఉండకపోవచ్చు. తేడా పరీక్ష జరిగిన రోజుది. వలసపోయిన మగవాళ్లు ఎక్కువ ఉన్న చోట సగటు పడిపోతుంది. అందుకే నా దృష్టిలో మొదటి సీడీ4 అంటే ఆలస్యానికి కొలత. పోల్చేవాళ్లు దాన్ని ఆ ప్రాంతపు జనం ఒంటి గుణంగా చదివితే నాకు బాధేస్తుంది, తప్పంతా రోగి మీదికి పోతుంది కాబట్టి.

ఇంకో చిక్కుంది. ఆస్పత్రి రిజిస్టర్‌లో ఉన్నవాళ్లు బతికి వచ్చినవాళ్లే. పరీక్షకు రాకముందే పోయినవారు ఏ సగటులోనూ లేరు. ఎవరైనా చూస్తారేమోనన్న టెన్షన్‌తో కొందరు సొంత జిల్లా వదిలి వేరే ఊరి ఏఆర్‌టీ (హెచ్ఐవీని అదుపులో ఉంచే మందుల చికిత్స) సెంటర్‌లో మందులు తీసుకుంటారు. వాళ్ల లెక్క ఆ ఊరి ఖాతాలో పడుతుంది.

దేశంలో ఉచిత ఏఆర్‌టీ 2004లో మొదలైంది. 2017 నుంచి సీడీ4 ఎంతున్నా వెంటనే మందులిస్తున్నారు. రోజూ వేసుకుంటూ వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, పరీక్షలో కనబడనంతగా తగ్గితే లైంగిక కలయిక ద్వారా ఇతరులకు అంటదు. ఏళ్లుగా మందులు వాడుతున్నవారికి ఇప్పుడు షుగర్, బీపీ కూడా చూడాల్సి వస్తోంది. వాళ్లు ముసలివాళ్లవుతున్నారు. ఒకప్పుడు ఊహించలేని మాట ఇది.

గల్ఫ్‌కు పోయేముందు హెచ్ఐవీ పరీక్ష తప్పనిసరి. తిరిగొచ్చాక మాత్రం ఎవరూ అడగరు. ప్రభుత్వాస్పత్రుల్లోని పరీక్షా కేంద్రాల్లో అది ఉచితం, ఫలితం బయటపెట్టకూడదని 2017 చట్టం చెబుతోంది. ఊరికి వచ్చిన మొదటి నెలలోనే ఆ పరీక్ష జరిగితే, 90 దగ్గర దొరికే మనిషి 400 దగ్గరే దొరకొచ్చు.