కార్తీకంలో పట్టేసే తలుపు

మే నెల పడమటి గాలికి సందులిచ్చిన తలుపే నవంబరు ముసురు పట్టేసరికి భుజం పెట్టి తోస్తే గానీ తెరుచుకోదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇది ఏటా ఉండే తంతే. వెంటనే చిత్రిక పట్టించేస్తారు. ఎండాకాలం వచ్చేసరికి ఆ సందులోంచి వీధి కనిపిస్తుంది. తలుపు ఎటు ఉబ్బిందో చూడకుండా చెక్క తీసేయడం వల్ల వచ్చే నష్టం ఇది.

చెక్క గాలిలో తేమను బట్టి నీటిని పీలుస్తుంది, వదులుతుంది. గాలిలో తేమ 40 శాతం ఉంటే చెక్కలో నీరు 7–8 శాతం దగ్గర నిలుస్తుంది. గాలిలో 80 శాతమైతే 15–16కు చేరుతుంది. ఈ నీరు కణాల గోడల్లోకి ఎక్కి వాటిని లావు చేస్తుందే తప్ప పొడుగు చేయదు. అందుకే నార (చెక్కలో పోగులు సాగే దిశ) వెంబడి చెక్క దాదాపు మారదు, నారకు అడ్డంగా మారుతుంది. అడ్డంలోనూ, చెట్టు వలయాల వెంట వచ్చే మార్పు మొద్దు నడిమి నుంచి బెరడు వైపు వచ్చే మార్పుకు రమారమి రెట్టింపు. పలకలు వంకర పోయేది అందుకే.

టేకు లెక్క చూడండి. వలయాల దిశలో కోసిన పలకైతే, చెక్కలో తేమ ఒక శాతం పెరిగినప్పుడు వెడల్పు సుమారు 0.2 శాతం పెరుగుతుంది. నిలువు పలకలు అతికి చేసిన 900 మిల్లీమీటర్ల తలుపులో తేమ 5 శాతం పెరిగితే 9 మిల్లీమీటర్లు ఉబ్బుతుంది. అదే చట్రం కట్టి మధ్యలో పలకలు బిగించిన తలుపులో అడ్డపట్టీల నార తలుపు వెడల్పు వెంటే సాగుతుంది కాబట్టి అవి ఆ దిశలో దాదాపు పెరగవు. పెరిగేవి రెండు పక్కలా ఉన్న 100 మిల్లీమీటర్ల నిలువు పట్టీలే, అంటే మొత్తం 2 మిల్లీమీటర్లు. మన పాత వడ్రంగం ఎంత ఆలోచనతో చేసిందో ఈ ఒక్క లెక్కలో తెలుస్తుంది. మధ్య పలకలు కూడా ఉబ్బుతాయి, కానీ గాడిలో వాటికి 2–3 మిల్లీమీటర్ల చోటు వదులుతారు. ఆ గాడిలో ఫెవికాల్ పోస్తే ఆ చోటు పోతుంది. అప్పుడు ఎండాకాలంలో పలక చీలుతుంది, లేదా వానాకాలంలో చట్రం కీళ్లు విప్పుకుంటాయి.

చిత్రిక తీసే ముందు తలుపు ఎక్కడ ఆనుతోందో చూడాలి. తలుపుకూ ద్వారబంధానికీ మధ్య కార్బన్ కాగితం పెట్టి మూసి తీస్తే ఆనిన చోట మరక పడుతుంది. అంచు పొడవునా మరక ఉంటే చెక్క ఉబ్బింది. గడియ వైపు పై మూల మాత్రమే ఆని, బందుల వైపు పైన సందు వెడల్పైతే తలుపు జారింది. దానికి చిత్రికతో పనిలేదు. పై బందు స్క్రూలు విప్పి, వదులైన రంధ్రాల్లో ఫెవికాల్ పూసిన వెదురు పుల్లలు గట్టిగా కొట్టి, ఒక రోజు ఆరనిచ్చి, మళ్లీ బిగిస్తే చాలు. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి ఇనుప స్క్రూలు ఆగవు, స్టెయిన్‌లెస్ స్టీలువే వాడాలి.

నిజంగా ఉబ్బిందే అయితే తలుపు దింపి, మరక ఉన్న చోటే చిత్రిక పట్టాలి. చిత్రికలోని ఉలి వెంట్రుకవాసి మాత్రమే బయటికి ఉండాలి. తోస్తుంటే చెక్క పెచ్చులుగా లేస్తోందంటే నారకు ఎదురు పోతున్నట్టు, అవతలి కొస నుంచి ఇటు తోయండి. పై అంచు, కింది అంచు పట్టేటప్పుడు మూల నుంచి మధ్యకే తోయాలి. బయటికి తోస్తే నిలువు పట్టీ చివర చిట్లి ఊడుతుంది. ఫ్లష్ డోర్ (రెండు వైపులా ప్లైవుడ్ అతికించిన చదును తలుపు) అయితే అంచు బద్దె సన్నం, రెండు మూడు మిల్లీమీటర్లు మించి తీయకూడదు.

ముసురులో సందు ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు వచ్చాక ఆపేయాలి. వేసవిలో అదే పెద్దదవుతుంది.

తాజాగా చిత్రిక పట్టిన అంచుకు అప్పుడే రంగు వేయకండి. లోపల తేమ ఉంటే పొర ఊడుతుంది. ఫిబ్రవరిలో, చెక్క బాగా ఆరాక, తలుపు మళ్లీ దింపి పై అంచుకూ కింది అంచుకూ పూత వేయండి. తలుపు బిగించాకే రంగు వేయడం అలవాటు కాబట్టి చాలా ఇళ్లలో ఆ రెండు అంచులూ పచ్చి చెక్కగానే ఉంటాయి. నిలువు పట్టీల నార కొసలు తెరుచుకునేది అక్కడే, పక్కల కంటే చాలా రెట్లు వేగంగా నీరు ఎక్కేదీ అక్కడే. ప్రైమర్ ఒకసారి, ఎనామిల్ రెండుసార్లు వేయాలి. పూత తేమను పూర్తిగా ఆపదు, రాకను నెమ్మది చేస్తుంది. లోపలి ముఖానికీ బయటి ముఖానికీ పూతలు సమానంగా ఉండాలి. ఒక వైపే వేస్తే రెండో వైపు ముందు ఉబ్బి తలుపు వంగుతుంది.