కొత్త అధ్యక్షుడొచ్చాక బాగుపడ్డామా?

పిల్లలూ,

ట్రంప్ మళ్ళీ వచ్చాక అమెరికా జనం బాగుపడ్డారా, చితికిపోయారా అని మొన్న ఫోనులో ఇద్దరూ ఒకేసారి అరుస్తూ అడిగారు కదా. ఒకళ్ళకేమో స్కూల్లో డిబేట్ ఉందట, ఇంకొకళ్ళకి అన్న చెప్పింది తప్పని తేలాలట. ఫోనులో చెబితే సగం వినరు కాబట్టి రాస్తున్నాను. అవుననో కాదనో ఒక్క ముక్కలో తేల్చనని ముందే చెబుతున్నా. ఎందుకంటే ఈ ప్రశ్నకి జనం చెప్పే జవాబు వాళ్ళ జేబు కంటే వేరే చోటు నుంచి వస్తుంది చాలాసార్లు.

ఈ ప్రశ్నకి ఇంత పేరు తెచ్చినవాడు రీగన్. 1980 అక్టోబర్ 28న, పోలింగుకి సరిగ్గా వారం ముందు, క్లీవ్‌లాండ్‌లో అప్పటి అధ్యక్షుడు కార్టర్‌తో డిబేట్ జరిగితే, చివర్లో కెమెరా వైపు చూసి, నాలుగేళ్ళ కిందటి కంటే ఇప్పుడు బాగున్నారా అని జనాన్నే అడిగాడు. ఆ ఏడాది ధరలు 13 శాతం పైన పెరిగాయి, ఇరాన్‌లో 52 మంది అమెరికన్లు బందీలుగా ఉన్నారు, ఇక జవాబు వేరే చెప్పాలా. రీగన్ గెలిచాడు.

తర్వాత జరిగిందే అసలు కథ, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. కొత్త అధ్యక్షుడొచ్చిన రెండేళ్ళకి, 1982 చివర్లో, నిరుద్యోగం 10.8 శాతానికి చేరింది. అప్పుడు అదే ప్రశ్న రీగన్‌నే అడిగి ఉంటే ఏం చెప్పేవాడో! ఆ నవంబరులో ఆయన పార్టీ దిగువ సభలో 26 సీట్లు పోగొట్టుకుంది. ఇంకో రెండేళ్ళు గడిచాయి, ధరల పెరుగుదల 4 శాతం దగ్గరికి దిగింది, ఉద్యోగాలు తిరిగొచ్చాయి, 1984లో 50 రాష్ట్రాల్లో 49 ఆయనవే. సరే, ధరలు దించింది ఎవరు? వడ్డీరేట్లు 20 శాతం దాకా తీసుకుపోయి దేశాన్ని ఏడిపించి మరీ దించింది అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ ఛైర్మన్ పాల్ వోల్కర్. ఆయన్ని 1979లో ఆ కుర్చీలో కూర్చోబెట్టింది ఓడిపోయిన కార్టరే. 1982లో తిట్లూ 1984లో ఓట్లూ రెండూ పడింది మాత్రం రీగన్ ఖాతాలో.

ఇప్పుడు మీ డిబేట్‌కి పనికొచ్చేది చెబుతాను, ఇది రాసుకోండి. జనాభిప్రాయ సర్వేలు చేసే గాలప్ సంస్థ ఈ ప్రశ్నని ఎన్నికల కాలంలో అడుగుతూ వచ్చింది. 1984లో బాగున్నామన్నవాళ్ళు 44 శాతమే, అయినా రీగన్ దుమ్ము దులిపేశాడు. 2020 సెప్టెంబరులో, కోవిడ్‌తో జనం చచ్చిపోతున్న రోజుల్లో, 56 శాతం మంది నాలుగేళ్ళ కిందటి కంటే బాగున్నామన్నారు, అయినా ట్రంప్ ఓడిపోయాడు. 2024లో 52 శాతం బాగాలేమన్నారు, బైడెన్ పార్టీ ఓడిపోయింది. అంటే మూడోసారి మాత్రమే లెక్క కుదిరింది. టీవీలో ఎవరైనా జేబుని బట్టే ఓటు పడుతుందని గట్టిగా చెబుతుంటే ఈ మొదటి రెండు అంకెలు గుర్తు తెచ్చుకోండి.

మరి 2024లో అంత కోపం ఎందుకు? నిరుద్యోగం తక్కువే, 2023 జనవరిలో 3.4 శాతం, 1969 తర్వాత అంత తక్కువ ఎప్పుడూ లేదు. కోపమంతా ధరల మీద. 2022 జూన్‌లో ధరల పెరుగుదల 9.1 శాతానికి చేరింది, తర్వాత 3 శాతానికి దిగింది, ప్రభుత్వం వాళ్ళు చంకలు గుద్దుకున్నారు. కానీ బండి వేగం తగ్గినంత మాత్రాన వెనక్కి వచ్చినట్టు కాదు కదా. బైడెన్ నాలుగేళ్ళలో ధరలు మొత్తం మీద 20 శాతం పైన పెరిగి అక్కడే కూర్చున్నాయి. జీతాలు కూడా పెరిగాయి నిజమే. అయితే హార్వర్డ్‌లో స్టెఫానీ స్టాంచెవా అనే ఆర్థికవేత్త జనాన్ని అడిగి చూస్తే తేలిందేమిటంటే, జీతం పెరిగితే అది మా పనితనం అనుకుంటారు, ధర పెరిగితే అది ప్రభుత్వం చేసిన పాపం అనుకుంటారు. మీ నాన్నని కదిపి చూడండి, ఆయనా అదే అంటాడు. మా రోజుల్లో డీఏ పెరిగితే మేమూ అలాగే అనుకున్నాం.

ఇంకో చిత్రం. ఫెడరల్ రిజర్వ్ వాళ్ళ సర్వేలో 2023లో 72 శాతం మంది మా ఇల్లు ఫరవాలేదు, నడిచిపోతోంది అన్నారు. దేశం ఆర్థిక పరిస్థితి బాగుందన్నవాళ్ళు 22 శాతం. ఇల్లు బాగుంది, ఊరు మునిగిపోయింది అన్నట్టు! ఇంటి సంగతి కళ్ళతో చూసింది, దేశం సంగతి టీవీలో, ఫోనులో చూసింది.

దీనికి పార్టీ పిచ్చి తోడైతే ఇక అడగొద్దు. మిషిగన్ యూనివర్సిటీ వాళ్ళు నెలనెలా జనం మనసెలా ఉందో కొలుస్తారు. 2024 నవంబరులో ఎన్నిక అయ్యిందో లేదో, ట్రంప్ పార్టీ రిపబ్లికన్లకి దేశం బాగైపోయినట్టు అనిపించింది, బైడెన్ పార్టీ డెమోక్రాట్లకి పాడైపోయినట్టు అనిపించింది. అప్పటికి ట్రంప్ ప్రమాణం కూడా చేయలేదు, ఒక్క ధరా మారలేదు. 2020లో సరిగ్గా తిరగేసి ఇదే జరిగింది. కాబట్టి కొత్త అధ్యక్షుడొచ్చాక బాగున్నారా అని ఎవరినైనా అడిగేముందు ఆయన ఎవరికి ఓటేశాడో కనుక్కోండి, సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

అలాగని ధరలన్నీ భ్రమే, అధ్యక్షుడి చేతిలో ఏమీ లేదు అని కూడా డిబేట్‌లో వాగకండి. గుడ్లు చూడండి. 2025 మార్చిలో డజను సగటున 6.23 డాలర్లు, అదో రికార్డు. దానికి కారణం బర్డ్ ఫ్లూ, కోట్ల కోళ్ళని చంపేయాల్సి వచ్చింది, బైడెన్‌నీ ట్రంప్‌నీ ఇద్దరినీ వదిలేయాలి. వేసవికల్లా రేటు దిగింది, దానికి ఎవరు క్రెడిట్ తీసుకున్నా నమ్మకండి. కాఫీ సంగతి వేరు. 2025 ఆగస్టులో బ్రెజిల్ సరుకుల మీద సుంకం 50 శాతం చేసింది ట్రంపే, కాఫీ ధర మండింది, నవంబరులో కాఫీ, బీఫ్ లాంటి వాటిమీద వెనక్కి తగ్గిందీ ఆయనే. అధ్యక్షుడి పుణ్యమే అని గుడ్లకి ఒప్పుకోనిది కాఫీకి ఒప్పుకోవాలి. ఇలా ఒక్కో వస్తువుకీ విడిగా అడిగితేనే నిజం తెలుస్తుంది, అది మీ డిబేట్ మాస్టారికి నచ్చకపోవచ్చు.

వెనక్కి తగ్గే ముందు ఏం జరిగిందో మీకు తెలుసు, మీరున్నది న్యూజెర్సీలోనే కదా. ఆ నవంబరులోనే అక్కడ కరెంటు బిల్లుల మీద గొడవ చేసి డెమోక్రాట్ మైకీ షెరిల్ గవర్నరుగా గెలిచింది, వర్జీనియాలో అదే పార్టీ స్పాన్‌బర్గర్ గవర్నరుగా గెలిచింది. ఆమెతోపాటు లెఫ్టినెంట్ గవర్నరుగా గెలిచిన గజాలా హష్మీ మన హైదరాబాద్‌లో పుట్టినావిడ, ఇది ఊరికే చెప్పాను. ఏడాది కిందట ధరలు దించుతానని ట్రంప్ ఓట్లు అడిగాడు, ఏడాదికి అవే ధరలు చూపించి అవతలివాళ్ళు అడిగారు.

ఒక్కటి మాత్రం మీ ఇద్దరి వాదనలోనూ రాలేదు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌1బీ దరఖాస్తుకి లక్ష డాలర్ల ఫీజు పెట్టినప్పుడు మన వీధిలో పడినంత టెన్షన్ అమెరికాలో సగం ఊళ్ళలో పడి ఉండదు. కానీ ఎన్నికల సర్వేలు బాగున్నారా అని అడిగేది ఎక్కువగా ఓటర్లని. వీసా మీద ఉన్న మీ బాబాయికి ఓటు లేదు, ఆయన్ని అడగరు. మీరిద్దరూ అక్కడే పుట్టారు కాబట్టి మీకు పద్దెనిమిదేళ్ళు రాగానే అడుగుతారు.

డిబేట్ ఎప్పుడో తారీకు చెప్పండి. అంకెలు మీ అమ్మ చేత ఒకసారి సరిచూపించుకోండి.

మీ తాతయ్య