ఆరిజోనా అక్టోబరు: కుర్ర పిచర్ల అంకెల వెనక కథ

2022 అక్టోబరులో అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రంలో, సర్‌ప్రైజ్ అనే ఊరి పేరు పెట్టుకున్న జట్టు తరఫున ఒక కుర్రాడు బేస్‌బాల్ పిచర్‌గా బంతి విసురుతున్నాడు. వయసు 22, ఎత్తు ఆరడుగుల అయిదంగుళాలు. పేరు కుమార్ రాకర్. తండ్రి ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరు మోసిన ఆటగాడు, తర్వాత కోచ్. తల్లి పేరు లలిత. ఆమె అమ్మానాన్నలు ఆంధ్రప్రదేశ్ నుంచి అమెరికా వెళ్లి స్థిరపడినవాళ్లు. ఈ ఒక్క ముక్క తెలిశాకే మనవాళ్లు కొంతమంది బేస్‌బాల్ స్కోర్లు వెతకడం మొదలుపెట్టారు.

వెతికినవాళ్లకు కనబడినవి ఇవి: 14 ఇన్నింగ్స్, 18 స్ట్రైకౌట్లు, 12 వాక్‌లు, సగటు 4.50. ముగ్గురు బ్యాటర్లను ఔట్ చేస్తే పిచర్‌కి ఒక ఇన్నింగ్స్ లెక్క. బ్యాటర్‌కి అందకుండా బంతి వేసి పంపేస్తే స్ట్రైకౌట్. స్ట్రైక్‌గా లెక్కించే ఊహా గీతల చట్రం దాటిన బంతులు నాలుగు వేసి బ్యాటర్‌ని ఊరికే మొదటి బేస్‌కి నడిపిస్తే వాక్. తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఎన్ని పరుగులిచ్చాడన్నది సగటు. ఇంచుమించు ప్రతి ఇన్నింగ్స్‌కీ ఒక వాక్ అంటే మంచి లెక్క కాదు. అందుకే ఆ శీతాకాలమంతా ఒకటే మాట వినబడింది: వీడికి జోరుంది కానీ అదుపు లేదు.

ఆ మాట ఎందుకు తొందరపాటు మాటో తెలియాలంటే ముందు అతను ఆడిన ఆరిజోనా ఫాల్ లీగ్ ఎందుకు పుట్టిందో తెలియాలి.

అమెరికాలో బేస్‌బాల్ వేసవి ఆట. మార్చి చివర మొదలై సెప్టెంబరుకి లీగ్ మ్యాచ్‌లు ముగుస్తాయి. చలికాలం ఆడాలంటే దక్షిణానికి పోవాల్సిందే: క్యూబా, ప్యూర్టో రికో, డొమినికన్ రిపబ్లిక్, వెనిజులా, మెక్సికో. క్యూబాలో లీగ్ 1878లోనే మొదలైంది. ప్యూర్టో రికో లీగ్ 1938లో వచ్చింది. నల్లజాతి ఆటగాళ్లను అమెరికా పెద్ద లీగ్‌లు గడప తొక్కనివ్వని రోజులవి. వాళ్లకు ఈ దీవుల్లో డబ్బూ దొరికింది, గౌరవమూ దొరికింది. నల్లజాతి పిచర్ సాచెల్ పేజ్ 1939-40 సీజన్‌లో ప్యూర్టో రికోలోని గుయామా జట్టుకి 19 మ్యాచ్‌లు గెలిపించాడు. అతనికి పెద్ద లీగ్‌లో అడుగుపెట్టే అవకాశం వచ్చింది 1948లో, నలభై దాటాక. శీతాకాలపు బేస్‌బాల్ చరిత్ర ఎప్పుడు చెప్పుకున్నా ఈ అన్యాయాన్ని పక్కకు నెట్టి చెప్పడం నాకు సరిగా అనిపించదు. ఆ లీగ్‌లు అంత బలంగా నిలబడడానికి ఆ తలుపు మూసి ఉండడం కూడా ఒక కారణం.

తర్వాతి దశాబ్దాల్లో అమెరికా క్లబ్బులు తమ కుర్రాళ్లను కూడా అక్కడికే పంపాయి. తర్వాత ఆట చరిత్రలోనే గొప్ప ఎడమచేతి పిచర్లలో ఒకడైన శాండీ కౌఫాక్స్, 1956-57 చలికాలంలో ప్యూర్టో రికోలోని కాగువాస్ జట్టుకి ఆడాడు. అప్పటికి అతని బంతి ఎటు పోతుందో అతనికే తెలియదు. కుదురుకోవడానికి ఇంకో నాలుగైదేళ్లు పట్టింది. 1961 నుంచి అతను ఆడిన ఆట వేరు.

అయితే ఆ లీగ్‌లతో క్లబ్బులకు ఒక చిక్కుండేది. అక్కడి జట్లు గెలవడానికి ఆడతాయి. అది వాళ్ల ఊరి పరువు. డొమినికన్ రిపబ్లిక్ రాజధాని శాంటో డొమింగోలో లిసే జట్టు 1907 నుంచి ఉంది. లిసేకి, ఎస్కోగిడోకి మ్యాచ్ అంటే ఊరు రెండుగా చీలిపోతుంది. అలాంటి చోట అమెరికా నుంచి వచ్చిన ఇరవయ్యేళ్ల కుర్రాడు వరుసగా రెండు మ్యాచ్‌లు పాడుచేస్తే అతనికి ఇంటికి టికెట్ కొనిస్తారు. బాగా వేస్తే రోజు విడిచి రోజు వేయిస్తారు. రెండూ అతన్ని పంపిన క్లబ్బుకి టెన్షనే. కొత్త బంతి నేర్పుదామనుకుంటే వీల్లేదు, ఇన్ని బంతులే వేయించండి అందామంటే వినేవాళ్లు లేరు. బయటి ఆటగాళ్ల సంఖ్య మీద పరిమితి కూడా ఉండేది.

ఈ చిక్కు తీర్చడానికే 1992లో అమెరికా పెద్ద లీగ్ నడిపే మేజర్ లీగ్ బేస్‌బాల్ సంస్థ తన సొంత లీగ్ పెట్టుకుంది. అదే ఆరిజోనా ఫాల్ లీగ్. రోలాండ్ హెమండ్ అనే పేరున్న జనరల్ మేనేజర్ దీనికి రూపశిల్పి. ఫీనిక్స్ చుట్టుపక్కల ఊళ్లలో పెద్ద జట్లు వసంతంలో సాధన చేసుకునే మైదానాలు ఎలాగూ ఖాళీగా ఉంటాయి. వాటిలోనే ఆరు జట్లు, ఆరు వారాలు, ముప్ఫై పైచిలుకు మ్యాచ్‌లు. ముప్ఫై క్లబ్బులూ తలా కొందరిని పంపిస్తాయి. అయిదేసి క్లబ్బుల కుర్రాళ్లు కలిసి ఒక జట్టవుతారు. స్టాండుల్లో ప్రేక్షకులు పలచగా ఉంటారు. వెనక వరసల్లో మాత్రం బంతి వేగం కొలిచే రాడార్ గన్‌లు పట్టుకుని, క్లబ్బుల కోసం ఆటగాళ్లను అంచనా వేసే స్కౌట్‌లు నిండుగా కూర్చుంటారు. బాస్కెట్‌బాల్ వదిలి వచ్చిన మైకేల్ జోర్డాన్ 1994లో ఇక్కడే స్కాట్స్‌డేల్ జట్టుకి ఆడాడు. జనం బాగా వచ్చిన అరుదైన సీజన్ అది.

ఇక్కడ ఎవరు గెలిచారన్నది ఎవరికీ పెద్దగా పట్టదు. ఏ పిచర్ ఎన్ని బంతులు వేయాలో, ఏ రోజు వేయాలో అతని సొంత క్లబ్బు ముందే చెప్పి పంపుతుంది. 'మూడు వారాలపాటు ఛేంజప్ ఎక్కువ వెయ్యి, కొడితే కొట్టనీ' అని చెప్పి పంపడం ఇక్కడ మామూలు. ఛేంజప్ అంటే వేగంగా వస్తున్నట్టు కనబడి నెమ్మదిగా వచ్చే బంతి. ఆ ఛేంజప్‌ని బ్యాటర్ గోడ అవతల పడేస్తే స్కోరు కార్డులో పరుగులు పడతాయి. కుర్రాడు చెప్పిన పని చేశాడన్న సంగతి మాత్రం అందులో పడదు.

అసలు ఇక్కడికి ఏ పిచర్లు వస్తారన్నది ఇంకా ముఖ్యమైన సంగతి. బ్యాటర్లలో మెరికల్లాంటివాళ్లను క్లబ్బులు సంతోషంగా పంపిస్తాయి. మైక్ ట్రౌట్, బ్రైస్ హార్పర్ ఒకే ఏడాది, 2011లో, స్కాట్స్‌డేల్ జట్టులో ఆడారు. పిచర్ల విషయంలో ఆ ధైర్యం చేయరు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా నూరు నూటముప్ఫై ఇన్నింగ్స్ వేసి అలసిన చేతిని మళ్లీ అక్టోబరులో ఎవరు వాడతారు? అందుకని సీజనంతా నిలకడగా వేసిన మంచి పిచర్లు చాలామంది ఇంటికి వెళ్లిపోతారు. గాయంతో నెలలు పోగొట్టుకుని ఇన్నింగ్స్ పూడ్చుకోవాల్సినవాళ్లు, మ్యాచ్ ఆరంభించే స్టార్టర్‌గా ఉంచాలా మధ్యలో దించే రిలీఫ్‌కి మార్చాలా అన్నది తేలనివాళ్లు వస్తారు. కొందరికి ఇదొక పరీక్ష కూడా. నవంబరులో క్లబ్బులు తమ నలభై మంది జాబితాలో ఎవరిని చేర్చాలో తేల్చుకోవాలి. చేర్చని అర్హులను డిసెంబరులో జరిగే రూల్ 5 డ్రాఫ్ట్‌లో వేరే క్లబ్బు ఎత్తుకుపోవచ్చు.

అంటే ఒకవైపు ఏరి పంపిన బ్యాటర్లు, మరోవైపు అలసినవాళ్లు, కోలుకుంటున్నవాళ్లు, ప్రయోగాల్లో ఉన్న పిచర్లు. దానికి ఆరిజోనా పొడి గాలి తోడు. ఆ గాలిలో బంతి దూరం పోతుంది, చేతిలో పట్టు కుదరదు. ఇక్కడ పరుగులు ఎక్కువ రావడంలో వింతేముంది? మన దగ్గర పాటా పిచ్ మీద పదిహేను ఓవర్లు వేసి వికెట్ తీయని కుర్ర ఫాస్ట్ బౌలర్‌ని పనికిరాడని కొట్టిపారేస్తే క్రికెట్ తెలిసినవాళ్లు ఒప్పుకోరు కదా.

దీనికి తోడు ఈ లీగ్ ఒక ప్రయోగశాల. 2014లో బంతికీ బంతికీ మధ్య 20 సెకన్ల గడియారం పెట్టి చూసింది ఇక్కడే. అది 2023లో పెద్ద లీగ్‌కి వచ్చింది. బంతి గీత లోపల పడిందో లేదో అంపైర్ బదులు యంత్రం చెప్పే పద్ధతిని ఇక్కడ 2019లోనే వాడారు. దాని మీద అప్పీలు చేసుకునే పద్ధతి పెద్ద లీగ్‌కి 2026లో వచ్చింది. అలవాటైన గీత ఒక్కసారిగా మారితే ముందు తగిలేది పిచర్‌కే. పోయిన నెల స్ట్రైక్ అన్న బంతి ఈ నెల కాదంటే వాక్‌ల లెక్క పెరుగుతుంది. ఆ లెక్క కుర్రాడి పేరు పక్కనే ఉంటుంది, గీత మారిందన్న గమనిక ఉండదు.

వాషింగ్టన్ క్లబ్బు పిచర్ స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్ సంగతే చూడండి. క్లబ్బులు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే 2009 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఎంపిక. ఒప్పందం 1.51 కోట్ల డాలర్లు. వృత్తి ఆటగాడిగా అతని మొదటి అడుగు ఈ లీగ్‌లోనే. సగటు 4.26. ఒక మ్యాచ్‌లో గట్టిగానే దెబ్బలు తిన్నాడు. ఇంత డబ్బు పోసింది ఇందుకా అన్నవాళ్లున్నారు. ఏడు నెలలు తిరగకుండానే, 2010 జూన్ 8న పెద్ద లీగ్‌లో తన తొలి మ్యాచ్‌లో 14 మందిని స్ట్రైకౌట్ చేశాడు. వాషింగ్టన్ ఊరు ఊగిపోయింది. అదే ఏడాది సెప్టెంబరులో మోచేతికి ఆపరేషన్ జరిగింది. 2012లో క్లబ్బు ప్లేఆఫ్‌లకు వెళుతున్నా అతన్ని 159 ఇన్నింగ్స్ దగ్గర ఆపేసింది. అది తప్పని ఏళ్లపాటు వాదించుకున్నారు. పెద్ద లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌లో, 2019లో, అత్యుత్తమ ఆటగాడు అతనే. ఆ తర్వాత గాయాలతో ఎనిమిది మ్యాచ్‌లకు మించి ఆడలేకపోయాడు. ఆ 4.26 ఈ కథలో దేన్నీ చెప్పలేదు.

ఆ మోచేతి ఆపరేషన్‌ని టామీ జాన్ ఆపరేషన్ అంటారు. అది మొదట జరిగింది 1974లో. డాడ్జర్స్ పిచర్ టామీ జాన్ ఎడమ మోచేతిలో లిగమెంట్ తెగితే, డాక్టర్ ఫ్రాంక్ జోబ్ రెండో చేతి నుంచి స్నాయువు తీసి దాని స్థానంలో అమర్చాడు. అప్పటిదాకా ఆ గాయమంటే ఆట అయిపోయినట్టే. జాన్ 1976లో తిరిగొచ్చి, ఆ చేత్తోనే మరో 164 మ్యాచ్‌లు గెలిచాడు. ఇప్పుడు అది చాలామంది పిచర్ల జీవితంలో ఒక మజిలీ అయిపోయింది. కోలుకోవడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. పంతొమ్మిదేళ్ల పిల్లలకు కూడా ఇది మామూలు విషయంలా మాట్లాడుకోవడం నాకు బాధగా ఉంటుంది. ఒంట్లో ఏ కీలూ అంత వేగం కోసం తయారుకాలేదు. గంటకు 150 కిలోమీటర్లు దాటించిన ప్రతిసారీ ఆ చిన్న లిగమెంట్ మీద మోయలేని భారం పడుతుంది. మన బుమ్రా 2025 ఇంగ్లండ్ పర్యటనలో అయిదింటిలో మూడు టెస్టులే ఆడినప్పుడు రేగిన వాదన గుర్తుందా? అక్కడ ప్రతి క్లబ్బూ ప్రతి కుర్రాడి విషయంలో ఏడాది పొడుగునా అదే లెక్క వేసుకుంటుంది.

ఈ శీతాకాలపు దారిలో మన దేశం నుంచి నేరుగా వెళ్లినవాడు ఒకడున్నాడు. క్రికెటర్ రింకూ సింగ్ కాదు, ఉత్తరప్రదేశ్‌లో జావెలిన్ విసిరే రింకూ సింగ్. 2008లో ఒక టీవీ పోటీ గెలిచి, దినేశ్ పటేల్‌తో కలిసి పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్నాడు. మేజర్ లీగ్ అండతో 2010లో ఆస్ట్రేలియాలో కొత్త లీగ్ మొదలైనప్పుడు కాన్‌బెర్రా జట్టుకి ఆడాడు. బేస్‌బాల్ బంతి పట్టుకుని అప్పటికి మూడేళ్లు కూడా కాలేదు. తర్వాత అతన్నీ చెయ్యే ఆపేసింది. ఏళ్లపాటు గాయాలతో కొట్టుకుని, 2018లో డబ్ల్యూడబ్ల్యూఈ కుస్తీలోకి వెళ్లిపోయాడు.

మళ్లీ రాకర్ దగ్గరికి వస్తే, అతను 2022లో ఆరిజోనా చేరిన తీరు తెలిస్తే ఆ 12 వాక్‌లు వేరేగా కనిపిస్తాయి. 2019 జూన్‌లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ మొదటి ఏడాది విద్యార్థిగా డ్యూక్ జట్టు మీద ఒక్క హిట్ (బ్యాటర్ బంతిని కొట్టి బేస్ చేరడం) కూడా ఇవ్వకుండా 19 మందిని స్ట్రైకౌట్ చేశాడు. ఆ రోజు వేసిన బంతులు 131. ఆ సంఖ్య దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. 2021 డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ మెట్స్ పదో స్థానంలో ఎంచుకుంది. 60 లక్షల డాలర్లకు మాట కుదిరింది. వైద్య పరీక్షలు చూశాక మెట్స్ సంతకం చేయకుండా వెనక్కి తగ్గింది. ఇరవై ఒక్కేళ్ల కుర్రాడి భుజం గురించి దేశమంతా చర్చించుకుంది. ఆ సెప్టెంబరులో భుజానికి చిన్న ఆపరేషన్ జరిగింది. మరుసటి వేసవిలో ట్రై-సిటీ అనే స్వతంత్ర జట్టుకి 20 ఇన్నింగ్స్ మాత్రం వేశాడు. సగటు 1.35. టెక్సాస్ రేంజర్స్ ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో అతన్ని మూడో ఎంపికగా తీసుకుని, 52 లక్షలకు ఒప్పందం చేసుకుని, నేరుగా ఆరిజోనా పంపింది.

అంటే అవి ఆ ఏడాది 20 ఇన్నింగ్స్ మాత్రమే వేశాక, ఆపరేషన్ అయిన భుజంతో, తన ప్రొఫెషనల్ క్లబ్బు కోసం వేసిన మొదటి 14 ఇన్నింగ్స్. అదుపు లేకపోవడంలో ఆశ్చర్యం లేదు. 18 స్ట్రైకౌట్లు ఉండడమే ఆశ్చర్యం.

2023 వసంతంలో కింది స్థాయిలో 28 ఇన్నింగ్స్‌లో 42 మందిని స్ట్రైకౌట్ చేశాక మోచేయి పోయింది. మే నెలలో టామీ జాన్ ఆపరేషన్. ఆరిజోనాలో వేయించడం వల్లే అని లంకె పెట్టినవాళ్లు కనబడ్డారు. 14 ఇన్నింగ్స్ మీద ఆ నేరం మోపడం న్యాయం కాదు. ఆ చేతికి అంతకుముందు చాలా చరిత్ర ఉంది.

2024 వేసవిలో తిరిగొచ్చి కింది స్థాయి మైనర్ లీగ్‌లలో 36 పైచిలుకు ఇన్నింగ్స్ వేశాడు. స్ట్రైకౌట్లు 55. వాక్‌లు అయిదు. సెప్టెంబరు 12న సియాటిల్‌లో పెద్ద లీగ్ తొలి మ్యాచ్ ఆడాడు: నాలుగు ఇన్నింగ్స్, ఒక పరుగు, ఏడు స్ట్రైకౌట్లు. 2025లో రేంజర్స్ తరఫున 14 మ్యాచ్‌లు ఆరంభించాడు, సగటు 5.74. పెద్ద లీగ్ బ్యాటర్లు అతని బంతుల్ని చదవడం నేర్చుకున్నారు. ఇప్పుడు అతను వాళ్లను చదవాలి.